ఎండాకాలం సెలవులు, ఏడో తరగతి పిల్లలు, ఓ కథల పుస్తకం

విశాఖపట్నం నుంచీ, చుట్టుపక్కల నుంచీ ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు సెలవుల్లో పుస్తకం ముట్టుకోవడం లేదని. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి, రాసినవాళ్ళ పేర్లు తీసేసి జవాబులిస్తున్నాం. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మంచిదేనా అని అడిగినవాళ్ళు మన్నించాలి. ఈ పేజీ సరదాగా చదువుకోవడం గురించి మాత్రమే.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే. తెలుగు గలగలా మాట్లాడుతుంది, పరీక్షల్లో తెలుగు మార్కులూ బాగానే వస్తాయి. కథల పుస్తకం ఇస్తే మాత్రం అరపేజీ చదివి పక్కన పడేస్తుంది. బద్ధకమా, అసలు ఇష్టమే లేదా?
— ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: రెండూ కాకపోవచ్చు. చదివే వేగం చాలడం లేదేమో ముందు చూడండి. పరీక్షలో వచ్చేది ఏడాది పొడుగునా క్లాసులో విన్న పాఠమే కాబట్టి, అక్షరాలు తడుముకున్నా గుర్తున్నదాంతో రాసేయొచ్చు. కొత్త కథలో ఆ ఆసరా ఉండదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతే కథలో ఏం జరుగుతోందో తెలియదు. ఏం జరుగుతోందో తెలియని కథని ఎవరైనా ఎంతసేపు పట్టుకుంటారు?

పాప ఇదివరకు చూడని కథ ఒకటి తీసుకోండి. పెన్సిలుతో వంద మాటల దగ్గర చిన్న గీత పెట్టి, ఒక్కసారి పైకి చదవమనండి. ఫోనులో టైము చూసుకోండి కానీ ఆ అంకె పాపకి చెప్పకండి, ఇది పరీక్ష కాదు. వంద మాటలకి రెండు నిమిషాలు దాటితే ఆ స్థాయి పుస్తకం ఒంటరిగా చదువుకోవడానికి పనికిరాదనే లెక్క వేసుకోండి. ఇంగ్లీషులో నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని ఇంటర్నెట్‌లో కనిపించే పట్టికలు ఇక్కడ పనిచెయ్యవు. ‘వెళ్ళిపోయాడనుకున్నాను’ మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అది నాలుగైదు.

ఎంతసేపు పట్టిందన్నదానికంటే ఎక్కడ ఆగిందన్నది ముఖ్యం. ఇంగ్లీషు మీడియం పిల్లలు మామూలుగా మూడు చోట్ల ఆగుతారు. మొదటిది ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరం పోలిక ఉండదు. ‘రత్నం’, ‘శుక్రవారం’, ‘కావ్య’ లాంటి మాటల దగ్గర కన్ను తడబడుతుంది. రెండోది తక్కువగా కనబడే అక్షరాలు: ఘ, ఝ, థ, ఛ. మూడోది పొడుగాటి సంధి మాటలు. మొదటి రెండూ అయితే భయం లేదు, పది పదిహేను రోజుల్లో దారిలో పడతాయి. మూడోదైతే తప్పు పుస్తకానిది, పాపది కాదు. పిల్లల కథలని పేరు పెట్టి గ్రాంథికపు వాసన వదలని పుస్తకాలు ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి. అవి పక్కన పెట్టేసి, మనం మాట్లాడుకునే భాషలో రాసినవి వెతకండి.

ఆ పదిహేను రోజులూ చెయ్యాల్సింది ఇది. రోజుకి పావుగంట, అంతకు మించి వద్దు. మీరు ఒక పేరా పైకి చదవండి, పాప చూపు మీరు చదివే లైను మీదే ఉండాలి. వెంటనే అదే పేరా పాప చదువుతుంది. ఒక్కసారి చాలు, తర్వాతి పేరాకి వెళ్ళిపోండి. ఎక్కడైనా ఆగితే మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి, ఆ మాట మీరే చెప్పేయండి. ‘కకు రావత్తిస్తే ఏమవుతుంది?’ అని గుణింతం మొదలుపెడితే ఆ క్షణంలో కథ పోయి క్లాసు వచ్చేస్తుంది. తప్పు చదివినా అర్థం మారకపోతే వదిలేయండి. ‘వచ్చాడు’ బదులు ‘వచ్చేడు’ అంటే కొంప మునగదు.

పుస్తకం మూడు, నాలుగు తరగతుల స్థాయిదే ఉండాలి, కానీ విషయం పసిపిల్లలది కాకూడదు. పన్నెండేళ్ళ పిల్ల చేతికి కుందేలు, తాబేలు బొమ్మల పుస్తకం ఇస్తే అవమానంగా ఉంటుంది. హాస్య కథలు, తెనాలి రామకృష్ణుడి కథలు, మర్యాద రామన్న తీర్పులు, చిన్న నాటికలు బాగా నడుస్తాయి. సంభాషణలు ఎక్కువ ఉంటే లైన్లు పొట్టిగా ఉంటాయి, పేజీ తొందరగా తిరుగుతుంది. పేజీ తిరగడమే ఈ దశలో పెద్ద ఉత్సాహం.

ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలూ మంచివే. మన ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలు ఇప్పుడు అలాగే వస్తున్నాయి కాబట్టి పిల్లలకి ఆ పద్ధతి అలవాటే. చిక్కల్లా, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు తెలుగు పేజీ వైపు చూడరు. ముందు తెలుగు పేజీ చదివి, అర్థం కానిది ఎదుటి పేజీలో చూసుకోమనండి.

ఇంకో మాట. పాప తనంతట తాను చదువుకునేది ఇంగ్లీషు పుస్తకమే అయితే అడ్డు పడకండి. తెలుగు మీ ఇద్దరూ కలిసి చదివే పావుగంటలో నడుస్తుంది.

ప్రశ్న: మనవడు ఆరో తరగతి, సెలవులకి మా దగ్గరికి వచ్చాడు. వాడి కోసం నీతికథల పుస్తకాలు పది కొని తెచ్చాను. గుంటడు ఒక్కటీ ముట్టలేదు. ‘ఏటి తాతా, అన్నింట్లోనూ ఒకటే’ అంటాడు. ఎంతసేపూ ఫోన్లో క్రికెట్టే.
— ఒక తాతగారు, పెందుర్తి

జవాబు: తాతగారూ, మీరు కొన్న పుస్తకాల మీద మాకు చిన్నచూపు లేదు. కానీ మీ మనవడు చెప్పింది నిజం. కథ సగంలో ఉండగానే చివర ఏమవుతుందో తెలిసిపోయే పుస్తకాన్ని పదకొండేళ్ళవాడు భరించలేడు. ఆ పదీ అబ్బాయికి కనబడేలా గూట్లో ఉంచండి, వాటి ఊసు మాత్రం ఎత్తకండి.

ఈసారి మీరు కొనకండి, కొనిపించండి. చేతికి 200 రూపాయలిచ్చి దుకాణంలో వదిలేసి, మీరు కాస్త దూరంగా నిలబడండి. వయసుకి తగనిదైతే తప్ప వద్దనకండి. దెయ్యాల కథలు, దొంగల్ని పట్టుకునే కథలు, కామిక్కులు, జోకులు, పజిళ్ళు, జంతువుల విశేషాలు, ఆటగాళ్ళ జీవిత కథలు, ఏది పట్టుకున్నా అది చదవడమే. ఎంచుకునే పద్ధతి ఒకటి మాత్రం నేర్పండి. అట్ట, వెనక అట్ట చూశాక మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవాలి. అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తయ్యేసరికి అయిదు వేళ్ళూ ముడుచుకుపోతే ఆ పుస్తకం వచ్చే ఏడాదికి. ఒకటో రెండో ముడిస్తే ఒంటరిగా చదివేయగలడు. మూడు నాలుగైతే మీరు పక్కన కూర్చుని చదివి వినిపించడానికి బాగుంటుంది.

క్రికెట్టు పిచ్చి ఉన్నవాడికి పేపర్లో ఆటల పేజీ తీసి ఇవ్వండి. రాత్రి చూసిన మ్యాచ్ గురించి పొద్దున్నే చదవడానికి బలవంతం అక్కర్లేదు. జరిగింది ముందే తెలుసు కాబట్టి తెలియని మాటలు కూడా పట్టుబడతాయి.

మరో దారి, చూసినదాని గురించి చదివించడం. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచీ మ్యూజియంగా ఉంది. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. లోపల ఆ ఇరుకు పడకలూ, గొట్టాలూ, మీటర్లూ చూసినవాడికి బోలెడు సందేహాలు వస్తాయి: నీళ్ళలోకి ఎలా మునుగుతుంది, గాలి ఎలా, అన్నం ఎక్కడ వండుతారు. జలాంతర్గాముల గురించో, సముద్ర జీవుల గురించో పుస్తకం ముందే తెచ్చి దాచి ఉంచి, ఆ సాయంత్రమే చేతికివ్వండి. వారం ఆగితే సందేహాలు చల్లారిపోతాయి.

ఇరవై పేజీలు చదివాక నచ్చకపోతే మానేసే హక్కు అబ్బాయికి ఉండాలి. పూర్తి చేసినా ‘ఇందులో నీతేమిటి?’ అని మాత్రం అడగొద్దు. ‘ఆ దొంగ దొరికాడా?’ అని అడగండి చాలు.

ప్రశ్న: పుస్తకానికి 50 రూపాయలు ఇస్తామని మా అబ్బాయితో ఒప్పందం పెట్టుకున్నాం. మొదటి వారం మూడు చదివాడు. ఇప్పుడు సన్నటివే వెతుకుతున్నాడు, పేజీలు తిప్పేసి అయిపోయిందంటున్నాడు. చదివాడో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నలు అడగాలా?
— ఒక తండ్రి, గాజువాక

జవాబు: అడగొద్దు, ఒప్పందమే మానేయండి. మీవాడు మోసం చెయ్యడం లేదు. మీరు పుస్తకానికి ధర కట్టారు, అతను ఖర్చు తగ్గించుకుంటున్నాడు. వ్యాపారం బాగానే వంటబట్టింది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఒకటి 1973లో అచ్చయింది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న మూడు నుంచి అయిదేళ్ళ పిల్లల్లో కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత ఏ బహుమతీ లేకుండా పెన్నులు అందుబాటులో ఉంచితే, ఆ పిల్లలు మిగతావాళ్ళలో సగం సేపే వాటితో ఆడారు. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ చేతికిచ్చిన పిల్లలకి మాత్రం ఇష్టం తగ్గలేదు. అక్కడ చిన్నపిల్లలు, బొమ్మలు. ఇక్కడ పన్నెండేళ్ళవాడు, పుస్తకాలు. అయినా మీ ఇంట్లో నడుస్తున్నది ఆ దారే.

ఎలా మానాలి? ఇప్పటిదాకా అన్న మాట ప్రకారం బాకీ తీర్చేయండి. తర్వాత ‘పుస్తకాలకి డబ్బులివ్వడం ఆపేస్తున్నాం, నెలకి 150 రూపాయలు నీకు నచ్చిన పుస్తకం కొనుక్కోవడానికే’ అని సూటిగా చెప్పండి. వారం పది రోజులు పుస్తకం ముట్టడు. కంగారు పడి మళ్ళీ రేటు పెంచకండి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. చదివే పిల్లాడికి ఇవ్వదగ్గ బహుమతి ఒకటుంది: రాత్రి లైటు తీసే టైము అరగంట పొడిగించడం, అదీ పుస్తకం చేతిలో ఉంటేనే.

ప్రశ్న: నేను భీమిలి వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు టీచర్ని. 6, 7, 8 తరగతులు కలిపి 120 మంది. లైబ్రరీ బీరువాలో పనికొచ్చే పుస్తకాలు 300 దాకా ఉన్నాయి, సెలవుల్లో తాళం వేసే ఉంటాయి. పిల్లలకి ఇచ్చేద్దామంటే పోతాయేమోనని భయం.
— ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: టీచర్ గారూ, భయం సహజమే, స్టాకు రిజిస్టరు మీ పేరు మీద ఉంటుంది కదా. కాబట్టి ముందు హెడ్మాస్టరు గారితో మాట్లాడి, తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ‘సెలవులకి పుస్తకాలు ఇళ్ళకి ఇస్తున్నాం, కొన్ని చిరగొచ్చు, పోవచ్చు’ అని తీర్మానం రాయించుకోండి. దాతలిచ్చినవి, రిజిస్టరులో ఎక్కనివి ఉంటే వాటితోనే మొదలుపెట్టండి. ఖరీదైన విజ్ఞాన సర్వస్వాలు, నిఘంటువులు బీరువాలోనే ఉంచండి.

తలా రెండు పుస్తకాలు ఇచ్చి పంపితే అవి నాలుగు రోజుల్లో అయిపోయి మంచం కింద చేరతాయి. అందుకని పిల్లలకి విడివిడిగా కాకుండా వీధికి ఇవ్వండి. ఒకే వీధిలో, ఒకే పేటలో ఉండే అయిదుగుర్ని ఒక జట్టు చెయ్యండి. 120 మందికి 24 జట్లు వస్తాయి. జట్టుకి 12 పుస్తకాలు, అంటే 288. మిగిలిన డజను మీ దగ్గర అదనంగా ఉంటాయి. ఒక్కొక్కరి దగ్గర ఒకసారికి రెండు, నాయకుడి దగ్గర మరో రెండు. ఆదివారం ఆదివారం మార్చుకుంటారు. ఇలాగైతే ప్రతి పిల్లకీ 12 పుస్తకాలు అందుబాటులో ఉన్నట్టే.

పన్నెండింటిలో నాలుగు బాగా తేలికవి, అయిదు ఆ తరగతికి సరిపోయేవి, మూడు కాస్త కష్టమైనవి పెట్టండి. కనీసం రెండు కామిక్కులో, పజిళ్ళో ఉండాలి. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఒకే జట్టులో ఉంటే మార్పిడి ఇంట్లోనే అయిపోతుంది. పుస్తకాలు పెట్టడానికి బియ్యం సంచి కడిగి ఎండబెట్టింది చాలు. సంచి లోపల అట్టముక్క మీద 12 పేర్లూ రాసి, ఎవరి దగ్గర ఉందో పెన్సిలుతో రాసుకోమనండి.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాం. రెండో వారంలో నాయకుడు అమ్మమ్మగారి ఊరు వెళ్ళిపోతాడు, సంచి ఇంట్లో ఉండిపోతుంది. జట్టుకి ఇద్దరు నాయకులు ఉండాలి, అందులో ఒకరు సెలవుల్లో ఊరు కదలనివాళ్ళు. ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపిన జట్లలో ఎవరింటికి వెళ్ళాలన్నదగ్గర మార్పిడి ఆగిపోతుంటుంది. గుడి అరుగో, కిరాణా కొట్టో అందరూ వచ్చే చోటు ముందే ఖాయం చెయ్యండి.

సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే. పిల్లల పుస్తకాలు సన్నగా ఉంటాయి కాబట్టి మధ్యలో రెండు పిన్నులు కొట్టి వదిలేస్తారు. ఏడాది తిరక్కుండా ఆ పిన్నులు తుప్పు పట్టి, మధ్య కాగితం ఊడి వస్తుంది. ఇచ్చే ముందు పిన్నులు పీకేసి, అవే రంధ్రాలతో పాటు మధ్యలో మరో రంధ్రం చేసి, నూలు దారంతో కుట్టించండి. మధ్య రంధ్రంలోంచి లోపలికి, పైదాంట్లోంచి బయటికి, కింద దాంట్లోంచి లోపలికి, మళ్ళీ మధ్యలోంచి బయటికి తెచ్చి ముడి. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక పూటలో యాభై కుట్టేస్తారు. చిరిగినచోట మైదా జిగురు పూస్తే బొద్దింకలకి విందు, ఫెవికాల్ పల్చగా రాయండి. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూట కడితే లోపలి తేమకి బూజు పడుతుంది, గుడ్డ సంచే నయం.

బడి తెరిచాక ‘చదివినవాటి సారాంశం రాసి తేవాలి’ అనకండి. సారాంశం అడుగుతారని తెలిస్తే వచ్చే ఏడాది సంచి విప్పరు. ‘ఈ పన్నెండులో మీ జట్టు దేనికోసం కొట్టుకుంది?’ అని అడిగి ఆ పేర్లు బోర్డు మీద రాయండి. తర్వాత ఏం కొనాలో అదే చెబుతుంది.

ప్రశ్న: కొనే స్తోమతు లేదు. సిటీలో పిల్లలకి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఫోన్లో చదివించొచ్చా?
— కంచరపాలెం, అక్కయ్యపాలెం నుంచి ముగ్గురు

జవాబు: ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖా గ్రంథాలయాలు పేటల్లో ఉన్నాయి. ఆస్తిపన్ను కట్టేవాళ్ళంతా రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు, మొహమాటం అక్కర్లేదు. శాఖా గ్రంథాలయాలు మామూలుగా పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. మధ్యాహ్నం ఎండలో పిల్లల్ని తీసుకెళ్ళి తాళం చూసి తిరిగి రాకండి. వేసవిలో గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు కూడా పెడుతుంటారు, ఏప్రిల్ ఆఖర్లోనే అడగండి. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం, కొంత డిపాజిట్టు ఉంటాయి. ‘పిల్లల పుస్తకాలున్నాయా?’ అంటే చెయ్యి చూపించి ఊరుకుంటారు. ‘ఏడో తరగతి పిల్లకి, దెయ్యాల కథలు’ అని అడిగితే లేచి వచ్చి తీసిస్తారు.

ఫోన్లోనూ చదివించొచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం, స్థాయిల వారీగా ఉంటాయి. మీ పిల్లలకి మూడు, నాలుగు స్థాయిలు చూడండి. జాతీయ పుస్తక ట్రస్టు నడిపే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయలో 11 నుంచి 14 ఏళ్ళవాళ్ళకి వేరే విభాగం ఉంది. ముందుగా డౌన్‌లోడ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి చేతికివ్వండి. నోటిఫికేషన్ మోగిందంటే కథ అక్కడితో సరి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి అమ్మాయి. చెబితే అన్నీ అర్థమవుతాయి, తను చదివితే ఏమీ ఎక్కదు. పది నిమిషాలకే తలనొప్పి అంటుంది.
— సీతమ్మధార

జవాబు: ముందు కళ్ళ డాక్టరు. బడిలో చేసే పరీక్ష చాలాసార్లు దూరపు చార్టుతోనే ముగుస్తుంది. దగ్గర చూపు, రెండు కళ్ళూ కలిసి పనిచేసే తీరు కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి. కళ్ళలో లోపం లేదని తేలితే ఇవి గమనించండి: లైను మధ్యలో కింది లైనుకి జారిపోవడం, నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా కనబడటం, అక్షరాల వరస తారుమారుగా రాయడం. ఇవి చిన్నప్పటి నుంచీ ఉంటే, తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే డిస్‌లెక్సియా కావచ్చు, క్లినికల్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఇలాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్ని కూడా గుర్తించింది. ఈలోగా కథలు మీరు చదవండి, తను వింటుంది. వినడం తక్కువరకం చదువేమీ కాదు.

ప్రశ్న: మావాడు ఒకటే దెయ్యాల సిరీస్ పట్టుకుని తొమ్మిది భాగాలు చదివాడు. ఆపించి మంచి పుస్తకాలు ఇవ్వాలా?
— మధురవాడ

జవాబు: ఆపించొద్దు. అవే పాత్రలు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టే అంత వేగంగా చదువుతున్నాడు, ఆ వేగమే రేపు మరో పుస్తకానికి పనికొస్తుంది. సిరీస్ అయిపోయాక వారం ఖాళీ వస్తే మళ్ళీ ఫోన్లోకి జారిపోతాడు. ఆఖరి భాగం సగంలో ఉండగానే అలాంటివే మరో రెండు, దొంగల వేటో, పాడుబడ్డ కోటల కథో, తెచ్చి మంచం పక్కన పెట్టండి. పదో భాగం దుకాణంలో లేకపోతే తెప్పించమని పేరు రాయించి రండి. తెప్పించడానికి కొన్నాళ్ళు పడుతుంది, ఇవాళే వెళ్ళండి.